వైట్నర్ కింద గీత

అమ్మలూ,

మొదటి జీతం పడిన రోజు ఫోన్ చేసి, "తాతా, హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి వెళ్తున్నాను, బొమ్మలు కొనడం గురించి నాలుగు ముక్కలు రాసి పెట్టు" అన్నావు. నాలుగు ముక్కలతో ఆగే మనిషినే అయితే మీ అమ్మమ్మ ఇంకాస్త సుఖపడేది. జంషెడ్‌పూర్‌లో కద్మా క్వార్టరు ఖాళీ చేసి సోనారీకి మారినప్పుడు లారీలో అన్నిటికన్నా ముందు ఎక్కింది, అన్నిటికన్నా ఆఖర్న దిగింది నా ఇనప బీరువా. కూలీలు అందులో బంగారం ఉందనుకుని మరీ జాగ్రత్తగా మోశారు. ఉన్నవి 71 బొమ్మలు.

నంబర్లు వేసి రాయమన్నావు కనక వేస్తున్నాను. 39 ఏళ్లు డ్రాయింగ్ ఆఫీసులో కూర్చున్నవాడికి నంబరు లేని కాగితం కాగితమే కాదు.

1. అసలుకీ అచ్చుకీ తేడా ముందు కంటికి తెలియాలి

1971లో నేను స్టీలు ప్లాంటులో ట్రేసరుగా చేరాను. మా పని ఇదీ: పెన్సిలు డ్రాయింగు మీద ట్రేసింగు కాగితం పరిచి సిరాతో దిద్దడం. ఆ ట్రేసింగే ఒరిజినల్. దానికో నంబరు, దానికో సొరుగు. షాపుకి వెళ్లేవి దాని నుంచి తీసిన అమోనియా ప్రింట్లు మాత్రమే. ఎంత పెద్ద ఇంజనీరొచ్చి అడిగినా ఒరిజినల్ గది దాటేది కాదు. గీత తప్పితే సగం బ్లేడుతో గీకి, గోటితో ఆ చోటు నున్నగా రుద్ది, మళ్లీ సిరా పెట్టేవాళ్లం. ప్రింటులో ఆ సంగతే తెలియదు. ట్రేసింగుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మాత్రం అక్కడ కాగితం పలచబడి, మానిన దెబ్బలా కనిపించేది. ఆ మచ్చల్ని బట్టి అది ఎవరి చెయ్యో చెప్పేవాణ్ని.

అందుకే కాబోలు, 1978లో కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల గుట్టలో ఒక బెంగాలీ పిల్లల కథ తాలూకు అసలు పేజీ దొరికినప్పుడు వదల్లేకపోయాను. పొద్దున్నే టాటానగర్‌లో స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పిల్లల బట్టలకని వెళ్లిన ప్రయాణం అది. 15 రూపాయలు చెప్పాడు, ఇచ్చేశాను. సంతకం లేదు. అచ్చయ్యే సైజుకి ఒకటిన్నర రెట్లుంది. నాలుగో గడిలో పులి తోక చూడు, ఇప్పుడూ బీరువాలో మొదటి అరలోనే ఉంది. ముందు తోక పైకెత్తి గీశాడు. నచ్చలేదు. తెల్లరంగు పూసి పక్కకి తిప్పాడు. అదీ నచ్చలేదు. ఇంకో పూత వేసి, చివరికి తోకని గడి గీత దాటించి పక్క గడిలోకి పంపాడు. వేలితో తడిమితే అక్కడ తెల్లరంగు గట్టుకట్టి తగులుతుంది. అడుగున లేత నీలం పెన్సిలు గీతలు చెరపకుండా అలాగే ఉన్నాయి. ఆ రోజుల్లో ప్రెస్సు కెమెరాకి లేత నీలం పడేది కాదు, అందుకే చెరిపే పని ఉండేది కాదు. మాటల బుడగల్లో అక్షరాలు విడిగా రాసి అతికించినవి, జిగురు పసుపెక్కింది. అంచున "ఇంకా చిన్నది చెయ్యి" అని ప్రెస్సువాడికి బెంగాలీలో ఓ మాట.

అచ్చులో పిల్లలు పులిని చూశారు. నేను ఆ మనిషి రెండుసార్లు మనసు మార్చుకోవడం చూశాను. కొనాల్సింది దాన్నే.

2. హీరోని చూసి కొనకు, చేతిని చూసి కొను

రిటైరయిన ఏడాదే, 2011 ఫిబ్రవరిలో, ఢిల్లీ హాట్‌లో మన దేశపు మొదటి కామిక్ కాన్ జరిగింది. పురుషోత్తమ్‌లో వెళ్లాను. వెంట్రుకలకి ఆకుపచ్చ రంగు వేసుకున్న కుర్రాళ్ల మధ్య మంకీ క్యాప్ పెట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే. నన్నూ ఏదో వేషమే అనుకుని ఇద్దరు ఫొటో దిగారు.

బొమ్మలేసేవాళ్ల బల్లల ముందు క్యూలో ఎవరి నోట విన్నా ఒకటే మాట: బ్యాట్‌మన్ గియ్యి, జోకర్ గియ్యి. నేనూ బుద్ధి లేక ఓ స్పైడర్‌మన్ గీయించుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆ కుర్రాడు పొద్దుట్నుంచి గీసిన పదిహేనో స్పైడర్‌మన్ అది. అలసట గీతలో కనిపించింది. అదే కాగితం వెనక, పెన్ను పారుతోందో లేదో చూసుకోవడానికి టీ అందించే ముసలాయన్ని రెండంగుళాల్లో గీసిపడేశాడు. ఇప్పటికీ నేను వెనక వైపే చూస్తాను.

అప్పుడో పద్ధతి పెట్టుకున్నాను. అందరినీ ఒకే బొమ్మ అడగాలి. ఏ బొమ్మ? మాకు కద్మాలో నాలుగు తెలుగిళ్లకి కలిపి ఒక చందమామ వచ్చేది. పోస్టుమాను సైకిలు గంట వినగానే అక్కడక్కడా తలుపులు తెరుచుకునేవి. చక్రపాణి, నాగిరెడ్డి 1947 జూలైలో మొదలెట్టిన పత్రిక. అందులో శంకర్ గీసిన విక్రమార్కుడు నీకూ తెలుసు: చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. శంకర్ 1952లో చందమామలో చేరాడు, 2020లో పోయాడు. మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. బతికుండగా ఇచ్చుంటే వాళ్ల సొమ్మేం పోయేదో.

అప్పట్నుంచి అందరినీ అడిగేది ఆ బొమ్మే. ఇరవయ్యోదాని సంగతి చివర చెప్తాను, అది కాక ఇప్పుడు నా దగ్గర 19 బేతాళ బొమ్మలున్నాయి. హిందీ కామిక్స్‌లో చేయి తిరిగిన ఒకాయన గీసిన విక్రమార్కుడికి నాగరాజ్ కండలు. (మీ అమ్మ కద్మా మార్కెట్‌లో నాగరాజ్, ధ్రువ్ పుస్తకాలు అద్దెకి తెచ్చుకుని లెక్కల పుస్తకంలో పెట్టి చదివేది. ఆమెకి చెప్పకు, నాకు తెలీదనుకుంటోంది.) కలకత్తా కుర్రాడి బేతాళుడు బెంగాలీ దయ్యంలా పుల్లల చేతులతో, చేపముల్లు నములుతున్నాడు. బెంగళూరు అమ్మాయి గీసిన బేతాళుడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రాజు మాట వినడం లేదు. కథ ఒకటే, చేతులు 19. పక్కపక్కన పరిస్తే ఎవరికి ఏం వచ్చో, ఎవరికి ఏమంటే భయమో తెలుస్తుంది. చేతులు గీయడం రానివాళ్లు రాజు చేతిని శవం వెనక దాచేస్తారు. ఏడుగురు దాచారు.

నువ్వు బేతాళుణ్నే అడగక్కర్లేదు. నీదంటూ ఒకటి పట్టుకో.

3. అడగడానికో తీరుంది

మొదటి రోజు తలుపులు తీయగానే బొమ్మలేసేవాళ్ల వరసకి వెళ్లు. టీషర్టులు సాయంత్రం దాకా ఎక్కడికీ పోవు. మంచి చెయ్యి ఉన్నవాళ్ల జాబితా మధ్యాహ్నానికే నిండిపోతుంది. ముందే ఆలోచించుకుని చెప్పు: ఏ సైజు, ఎంతమంది మనుషులు, తల వరకా నిలువెల్లా, ఉత్త సిరానా రంగులా. ధర వీటిని బట్టే మారుతుంది. నీక్కావలసిన మనిషి ఫొటో ఉంటే కాగితం మీద ప్రింటు తీసుకెళ్లు, ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడకు. డబ్బిచ్చి, ఎప్పుడు రావాలో అడిగి, పక్కకి వెళ్లిపో. భుజం మీదుగా తొంగిచూస్తే ఎవరి చెయ్యైనా బిగుసుకుంటుంది. మా చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ వెనక నిలబడితే నాకు సరళరేఖే వంకర పోయేది.

బేరం మాత్రం ఆడకు. నేనాడాను. 2,000 చెప్పిన పిల్లాణ్ని సాక్చీ బజారులో పర్వల్‌కి అడిగినట్టు 800 అడిగాను. వాడు కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి, బల్ల అద్దె ఎంతో, రైలు టికెట్టు ఎంతో, మూడు రోజుల బస ఎంతో, ఒక బొమ్మకి ఎన్ని గంటలు పడుతుందో వేళ్ల మీద లెక్క చెప్పాడు. "అంకుల్, మీరు ఏం పని చేసేవారు?" అని అడిగాడు. చెప్పాను. "మరి మీకు గంటకి ఎంతిచ్చేవారు?" అన్నాడు. 2,000 ఇచ్చి, టీ కూడా తెచ్చిపెట్టాను.

"చిన్నది, ఊరికే ఒకటి గీసివ్వండి" అనే మాట నీ నోట రాకూడదు.

గీయించుకోవడం మన పిల్లలకి అమెరికా నుంచి దిగిన సరదాలా కనిపిస్తుంది కానీ, ఇది మన ఇంటి పనే. చేర్యాలలో నకాషీల చేత పటం గీయించుకున్నదెవరు? కాకిపడగల వాళ్లలాంటి కథకులు. కథ వాళ్లది, చెయ్యి నకాషీది. గజాల కొద్దీ గుడ్డ, గడికొక ఘట్టం, ఊరూరా విప్పి చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. కామిక్ అనక దాన్నింకేమంటాం?

4. అడ్వాన్సు

సగమే ఇవ్వు. తేదీ రాయించుకో. 2016లో నేను మొత్తం 6,000 ముందే పంపి ఇంకా చూస్తున్నాను. ఎవరికని అడక్కు.

5. వానాకాలం, కలరా ఉండలు, పటాలు కట్టే కొట్టు

నన్ను ఎక్కువ నష్టపెట్టింది కొనడం కాదు, దాచడం.

పటం కట్టించడం మనవాళ్లకి దేవుడి దగ్గరే అలవాటు. మొదట్లో మూడు మంచి బొమ్మలు ఊళ్లో ఒక కొట్టుకిచ్చాను. అతను దేవుడి పటానికి ఎలా చేస్తాడో అలాగే చేశాడు: వెనకంతా జిగురు పూసి అట్టకి అంటించి, అంచులకి సెల్లోటేపు వేసి, గాజు సరిగ్గా కాగితానికి ఆనేలా బిగించాడు. మరుసటి శ్రావణానికి లోపల తేమ పట్టి సిరా గాజుకి అంటుకుంది. విప్పితే విక్రమార్కుడి మొహం సగం గాజు మీద, సగం కాగితం మీద. అతని తప్పేం లేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను: ఆమ్లం లేని అట్ట అడుగు. బొమ్మని జిగురుతో అంటించొద్దని, పై అంచున పలచటి కాగితపు మడతలతో వేలాడదీయమని చెప్పు. మధ్యలో కిటికీ కోసిన అట్ట ఒకటి వేస్తే గాజు కాగితానికి తగలదు. సెల్లోటేపు ఇంట్లోనే ఉంచకు. అది పసుపెక్కి, ఎండి, ఊడిపోయాక కూడా మరక వదలదు. ల్యామినేషన్ అన్న మాట ఎవరైనా ఎత్తితే బొమ్మ తీసుకుని బయటికి నడు.

రంగుల బొమ్మలు గోడకి పెట్టేముందు గీసినవాళ్లని ఒక్క మాట అడుగు: ఇది మార్కరా, సిరానా? స్పిరిట్ మార్కర్ల రంగు వెలుతురు తింటే పాలిపోతుంది. పడమటి కిటికీ ఎదురుగా పెట్టిన కాళి బొమ్మ నాలుగేళ్లలో నాకు గౌరి అయి కూర్చుంది. పిగ్మెంటు సిరా, నల్ల ఇండియా ఇంకు నిలబడతాయి. ఎటూ తేలకపోతే బీరువాలో పెట్టి పండక్కి తీసి చూసుకో. బొమ్మలు కూడా చుట్టాల్లాంటివే, రోజూ కళ్లెదుట ఉంటే మనమూ చూడం.

బీరువాలో కలరా ఉండలు వేస్తే పురుగు రాదు నిజమే. కానీ బొమ్మలకి దగ్గరగా వేయకు. నేను బట్టల అరలో వేసి, బొమ్మల అరలో కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు పెడతాను, తడిస్తే మారుస్తాను. కాగితాల్లో పరిగెత్తే వెండిరంగు పురుగు ఉంది చూశావా, దానికి జిగురన్నా గంజన్నా ప్రాణం. పులి పేజీలో ఒక బుడగలో అక్షరాలు దాని పాలే అయ్యాయి. పులి ఏమందో ఇక ఎవరికీ తెలియదు.

రైల్లో తెచ్చేటప్పుడు చుట్టొద్దు. రెండు గట్టి అట్టల మధ్య పరిచి, చుట్టూ రబ్బరు బ్యాండు కాకుండా గుడ్డపట్టీ కట్టు. పై బెర్తు తీసుకుని తలకింద పెట్టుకుని పడుకోకు, అదీ చేశాను. నూనె మరక.

6. పేరు రాయించుకో

అమ్మేవాళ్లు వద్దంటారు. "ఫలానా వారికి" అని రాస్తే ధర తగ్గుతుందట. తగ్గనీ. నా ప్రతి బొమ్మ మీదా పేరు, ఊరు, తేదీ ఉంటాయి. "జంషెడ్‌పూర్ తాతగారికి" అని తెలుగులో రాసిందొక మరాఠీ అమ్మాయి, నేను చేతిమీద రాసి చూపిస్తే. "త"కి తలకట్టు మర్చిపోయింది.

7. నకిలీ

నెట్‌లో ఒక పాత హిందీ కామిక్ తాలూకు పేజీ అని 9,000 పెట్టి కొన్నాను. వచ్చిన రోజే డ్రాయింగ్ ఆఫీసు భూతద్దం తీశాను. చుక్కలు! సిరా గీత లోపల గులాబీ, నీలం, పసుపు చుక్కలు. ఇంట్లో ప్రింటరు మీద తీసి, పైన రెండు చోట్ల వైట్నర్ పూసి పంపాడు మహానుభావుడు. వైట్నర్ పూశాడు గానీ దాని కింద గీతేదీ? దేన్ని దిద్దాడట?

ఇవి చూడు: కాగితాన్ని ఏటవాలుగా వెలుతురుకి పెడితే నల్ల సిరా ఎక్కువ పడ్డచోట మెరుపు వేరుగా ఉంటుంది. పెద్ద నల్ల మరక ఒక్క రంగుగా ఉండదు, కుంచె వెళ్లిన జాడ ఉంటుంది. వెనక్కి తిప్పితే నిబ్బు నొక్కిన గాట్లు వేలికి తెలుస్తాయి. దిద్దుబాటు కింద దిద్దాల్సిందొకటి ఉండాలి. "ఆర్ట్ ప్రింట్" అని రాసి, నంబరు వేసి, సంతకం పెట్టి అమ్మేది మోసం కాదు కానీ అది ప్రింటే. ఎన్ని సంతకాలు పెట్టినా ప్రింటే.

ఇంకో సంగతి. నీ వయసు ఆర్టిస్టుల్లో చాలామంది పుస్తకాన్ని మొత్తం టాబ్లెట్ మీదే గీస్తున్నారు. వాళ్ల కామిక్‌కి అసలు పేజీ అన్నదే ఉండదు. తప్పు గీత ఒక్క నొక్కుతో మాయం, మచ్చ కూడా మిగలదు. వాళ్ల పెన్ను కాగితం మీద ఆనేది ఇలా ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగినప్పుడే. అందుకని నాకు పుస్తకం పేజీ దొరకలేదని బెంగ లేదు. గీయించుకున్నదే ఇప్పుడు ఒరిజినల్.

8. డబ్బు సంగతి

మీ నాన్న అడిగాడు, "మావయ్యగారూ, వీటి విలువెంతుంటుంది?" అని. పేపర్లో చదివినవి చెప్పాను. టిన్‌టిన్ "బ్లూ లోటస్" అట్ట కోసం హెర్జే వేసిన బొమ్మ 2021లో పారిస్ వేలంలో దాదాపు 32 లక్షల యూరోలు పలికింది. నిజానికి అది అట్టకి వాడనే లేదు, రంగులు మరీ ఎక్కువ, అచ్చు ఖర్చు తట్టుకోలేమన్నారట. 2022లో ఒక స్పైడర్‌మన్ పేజీ, ఒకే ఒక్క పేజీ, 33 లక్షల 60 వేల డాలర్లకి పోయింది. అల్లుడి కళ్లు నా బీరువా వైపు తిరిగాయి. నావి 71 కలిపి అమ్మితే ఒక స్కూటరు రావచ్చు, సెకండ్ హ్యాండ్‌ది.

ఆ లక్షలు గీసినవాళ్లకి చేరాయనుకోకు. అమెరికాలోనే 1970ల నడిమి దాకా పెద్ద కంపెనీలకి పేజీలు తిరిగిచ్చే అలవాటు లేదు. జాక్ కర్బీ అంతటివాడు తన పేజీల కోసం ఏళ్లపాటు మార్వెల్‌తో పోరాడితే 1987లో చేతికొచ్చింది తాను గీసినదాంట్లో చిన్న వంతు. మన దగ్గర నెలజీతానికి గీసినవాళ్ల బొమ్మలు ఆఫీసువే. మా ట్రేసింగుల్లాగే.

నువ్వు కొన్నది కాగితం, హక్కు కాదు. బొమ్మని నీ గోడకి పెట్టుకో, కావాలంటే అమ్ముకో. టీషర్టు మీద అచ్చు వేయించాలంటే మాత్రం గీసినవాళ్లని అడగాలి. అమ్ముకోవడంలోనూ ఒక మెలిక ఉంది, చాలామందికి తెలీదు. 1957 కాపీరైట్ చట్టంలో 53ఏ సెక్షన్ అని ఒకటుంది. చిత్రాన్ని తిరిగి అమ్మిన ధర 10,000 రూపాయలు దాటితే, దాని మొదటి హక్కుదారు గీసినవాడే అయితే, అతనికో వారసులకో అందులో వాటా అడిగే హక్కుంది, 10 శాతం మించకుండా. అడిగినవాళ్లని నేను చూడలేదు. అయినా నేను ఒక బొమ్మ 14,000కి అమ్మినప్పుడు 1,400 పంపాను. ఆయన ఫోన్ చేసి, "ఇదేమిటి, మీరు నాకెందుకు బాకీ?" అన్నాడు. సెక్షన్ చదివి వినిపించాను. చాలాసేపు నవ్వాడు.

మీ అమ్మమ్మ లెక్క వేరు. ఆ అట్టపెట్టె ఒక ఫ్రిజ్జు, ఈ ఫైలు రెండు తులాలు. తేదీలతో సహా చెప్తుంది.

9. దూరమే వెళ్లక్కర్లేదు

ఇరవయ్యో బేతాళుడి గురించి చెప్పి ఆపుతాను.

ధల్‌భూమ్‌గఢ్ దగ్గర ఆమడుబి ఉంది, ఇక్కణ్నుంచి 60 కిలోమీటర్లు పైచిలుకు. పైట్కార్ పటాలు గీసే కుటుంబాలు ఆ ఊళ్లో ఉన్నాయి. పొడుగాటి కాగితపు చుట్ట, పైనుంచి కిందికి కథ, మట్టిరంగులు, ఆకురంగులు, చుట్ట విప్పుతూ పాట. ఢిల్లీకీ హైదరాబాదుకీ పరిగెత్తిన వాణ్ని, పెరట్లో ఉన్నదాని దగ్గరికి 70 దాటాక వెళ్లాను.

ఆయనకి బేతాళ కథ తెలియదు. అరుగు మీద కూర్చుని నా స్టీల్ ఎక్స్‌ప్రెస్ బెంగాలీలో చెప్పాను. రాజు శవాన్ని మోస్తాడు, శవంలో దయ్యం, దయ్యం కథ చెప్పి ప్రశ్న వేస్తుంది, రాజు నోరు విప్పగానే ఎగిరి చెట్టెక్కుతుంది. "మళ్లీ వెళ్తాడా?" అన్నాడు. మళ్లీ వెళ్తాడన్నాను. తల ఊపి, రెండు వారాలాగి రమ్మన్నాడు.

వెళ్లేసరికి పటం ఆరుతోంది. నాలుగు గడులు. రాజు మన అడవి మనిషిలా నల్లగా, పొట్టిగా, గోచీతో ఉన్నాడు. చెయ్యి దాచలేదు. శవం మొహం పక్కకి తిరిగి ఉంది, కంటి చోట తెల్లటి బాదంకాయ ఆకారం, లోపల ఖాళీ. మర్చిపోయావన్నాను. లేదన్నాడు. ఇక్కడి సంతాల్ ఊళ్లలో పటువాలకి ఒక ఆచారం ఉంది. ఎవరైనా పోతే వాళ్ల బొమ్మ కళ్లు లేకుండా గీసి ఇంటికి తీసుకెళ్తారు. కళ్లు లేక పోయినవాళ్లు దారి తెలియక తిరుగుతున్నారంటారు. ఇంటివాళ్లు ఏదో ఇస్తే అప్పుడు కంట్లో చుక్క పెడతారు. చక్షుదానం.

"పెట్టమంటారా?" అని కుంచె ముంచి పట్టుకుని అడిగాడు. "పెడితే ఆయనకి దారి దొరికిపోతుంది. ఇక చెట్టెక్కడు."

వద్దన్నాను. డబ్బు మాత్రం కళ్లతో కలిపే ఇచ్చాను.